ఊరికే ప్లీడరు గారు

పూళ్ళ స్టేషనులో ఎక్కిన ఒక పెద్దమనిషి గొడుగు మూల నిలబెట్టి, ఇంకా కూర్చోకుండానే కబురు చెప్పాడు.

"ఊరికే ప్లీడరు గారు పోయారటండీ, ఈ తెల్లవారుజామున."

ఎదురు బల్ల మీది సంచీ ఆసామి తల ఎత్తాడు. "ఊరికే పోవడమేంటండీ? జొరమేమన్నా వచ్చిందా?"

"ఊరికే పోలేదండీ. ఊరికే ప్లీడరు గారు పోయారు."

"నేనూ అదేనండీ అడుగుతున్నది. అంతటి ప్లీడరు గారు ఊరికే ఎందుకు పోతారూ?"

దెందులూరు వచ్చేదాకా ఇది తెగలేదు. నేను కల్పించుకుని తేల్చవచ్చు. కాని ఆ మాట జోలికి వెళ్ళి ఒకసారి నిండు కోర్టులో మునిగినవాణ్ణి. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆయన వింటే సంతోషించేవారు. తన చావు కబురు మీద కూడా రెండు పక్షాలు, ఒక్క మాటకి రెండర్థాలు, తీర్పు లేకుండా స్టేషను.

ఊరికే ప్లీడరు అన్నది ఏలూరు బజారు పెట్టిన పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంటి ముందు బోర్డు మీద ఉండేది గాని, వానలకి సగం చెరిగిపోయి, మిగిలిన సగంతో ఎవరినీ పిలవడానికి వీల్లేకుండా ఉండేది. పేదవాళ్ళ దగ్గర ఫీజు పుచ్చుకోకుండా వాదిస్తారని ఆ పేరు. ఇది చెప్పగానే మీరు ఒక కరుణామూర్తిని ఊహించుకుని ఉంటారు. దయచేసి చెరిపెయ్యండి. ఆయన ముఖంలో కరుణ నేనెప్పుడూ చూడలేదు. ఫీజు పుచ్చుకునేవాళ్ళ కంటే రెండాకులు ఎక్కువే తిట్టేవారు. "చదవకుండా వేలిముద్ర వేశావా? దేవుడు నీకు రెండు బొటనవేళ్ళిచ్చాడు గనక సరిపోయింది. ఒకటి కోసేస్తాను, రెండోది జాగ్రత్తగా వాడుకో" అనేవారు. డబ్బిచ్చే కక్షిదార్లని మాత్రం "తమరు, దయచెయ్యండి" అని మర్యాద చేసేవారు. మర్యాద కావాలంటే ఫీజు కట్టాలని కొల్లేటి లంకల్లో చెప్పుకునేవారు.

మనిషి పొట్టి. లోటు తలపాగాతో సరిపెట్టుకునేవారు. వాదనలో గట్టి చోటుకి రాగానే ఆగి, పొడుంకాయ తీసి, చిటికెడు నశ్యం ఎక్కించేవారు. ఇదిగో తుమ్ముతారు, ఇప్పుడు తుమ్ముతారు అని కోర్టంతా చూసేది. తుమ్మేవారు కాదు. ఆ తుమ్ము కోసం చూస్తూ చూస్తూ ఎదటి ప్లీడర్లు చెప్పదలచుకున్న అభ్యంతరం మరిచిపోయేవారు. ఇది అలవాటా, ఎత్తా అని, నేను జూనియరు ప్లీడరుగా కుదురుకున్న మా సీనియరు గారిని అడిగితే, "అలవాటైన ఎత్తు" అన్నారు.

బజారులో ఆయన ధర దగ్గర బేరమాడేవారు కాదు. కొసరు దగ్గర ఆడేవారు. ఒకనాడు వంకాయలమ్మే ఆవిడ ఆయనకి వెయ్యవలసిన కరివేపాకు రెబ్బ పొరపాటున పక్కనున్న నా సంచీలో వేసింది. ఆయన నా సంచీలో చెయ్యి పెట్టి తీసుకున్నారు.

"రెబ్బే కదండీ" అన్నాను.

"రెబ్బేనండి అబ్బాయిగారూ. కాని వంకాయలు కొన్నది నేను. ఆవిడ ఊరికే ఇచ్చింది నాకు. మీకు కాదు."

పిసినారి అనుకున్నాను. అది పిసినారితనం కాదనీ, ఆయన నేర్చుకున్న న్యాయశాస్త్రమంతా ఆ రెబ్బకి వేలాడుతోందనీ తెలియడానికి నేను ఒక దావా ఓడిపోవలసి వచ్చింది.

ఇక చాపలు. లంకవాళ్ళు ఆయన ముందు బల్ల మీద కూర్చునేవారు కాదు. కటికనేల మీద కూర్చోవడం ఆయన ఒప్పుకునేవారు కాదు. అంచేత ఎవరి తుంగచాప వాళ్ళు చంకలో పెట్టుకుని వచ్చి, పరుచుకుని కూర్చుని, తిట్లు తిని, వెళ్ళేటప్పుడు చాప అక్కడే మరిచిపోయేవారు. తీసుకుపొమ్మని కబురు చేస్తే మళ్ళీ ఇంకో కొత్త చాపతో వచ్చి, దాన్ని కూడా మరిచిపోయేవారు. ఆ ఇంట్లో గోడ కనబడేది కాదు, చుట్టలు చుట్టిన చాపలే. ఎవరైనా చుట్టాలు వస్తే ఆయన భార్య గారు, "మావారు సంపాదించిందంతా చుట్టి పెట్టాం, చూశారా" అని చూపించేవారు.

నేను ఆయన పక్షం కాదు. మా సీనియరు గారి కక్షిదారు ఆకివీడు వైపు పాటదారు. పాటదారు అంటే పాడేవాడనుకునేరు. ఆయన గొంతు విన్నవారెవరూ అలా అనుకోరు. కొల్లేట్లో చేపలు పట్టుకునే హక్కు వేలంలో పాడుకున్నవారు. ఒక లంక ఊరి ముందు కాలవ ఒకటుంది. అందులో ఆ ఊరివాళ్ళు తాతల నాటి నుంచీ బుట్టల్లాంటి వెదురు మావులు పెట్టి చేపలు పట్టుకుంటున్నారు. ఆ కాలవ కూడా తన పాటలోదేనని ఈయన దావా వేసేవారు. ఓడిపోయేవారు. మరుసటేడు అదే కాలవకి ఇంకో పేరు పెట్టి మళ్ళీ వేసేవారు.

గెలవాలని ఆయనకి పట్టుదలేమీ లేదు. వాయిదా వచ్చినప్పుడల్లా లంకలో మగవాళ్ళంతా వలలు ఒడ్డున పారేసి, దోనెల మీద పడి, ఆపైన నడిచి, ఏలూరు రావాలి. వచ్చి, వాయిదా పడిందని తెలుసుకుని వెళ్ళాలి. ఇలా ఇంకో రెండేళ్ళు తిప్పితే వాళ్ళే విసిగి కాలవ వదిలేస్తారు. కాలవ వదిలేస్తే ఊరు వదిలేసినట్టే. ఆ లంకలో నీళ్ళు తప్ప మరో పొలం లేదు.

ఓడినవాడు గెలిచినవాడి ఖర్చులు, ప్లీడరు ఫీజుతో సహా, ఇచ్చుకోవాలి కదా అంటారేమో. ఇచ్చుకోవాలి. కాని గెలిచిన పక్షం ప్లీడరు తనకి ఫీజు ముట్టినట్టు తన చేత్తో రాసి కోర్టులో దాఖలు చెయ్యాలి. ఈయన ఫీజు పుచ్చుకోరు. పుచ్చుకోని ఫీజు ముట్టిందని రాయరు. ఇంకొకరైతే కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవారు. చాలామంది పెట్టేవారు కూడా. ఆయనకి కళ్ళు మూతపడేవి కావు, నశ్యం వల్ల కాబోలు. అంచేత ఆయన లంకవాళ్ళకి ఎంత ధర్మం చేస్తే మా పాటదారు గారికి అంత ఆదా. ఓటమి చవగ్గా దొరుకుతోంది గనక ఏటా ఒకటి కొనుక్కునేవారు.

"పోనీ, గెలిస్తేనే ఫీజు అని ఒప్పందం రాయించుకోరాదుటండీ?" అని మా సీనియరు గారు ఒకసారి వరండాలో ఆయనకి సలహా చెప్పారు. గెలుపు మీద పందెం కట్టిన ప్లీడరుకి పట్టా ఊడుతుందని ఇద్దరికీ తెలుసు.

"ఈ సలహాకి మీ ఫీజు ఎంతండీ? ఓడితేనా, గెలిస్తేనా?" అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ ఏడు కూడా మేం యథాప్రకారం ఓడిపోయాం. ఖర్చుల సంగతి మాత్రం మిగిలింది. అక్కడ ఆయన మొదటిసారి ఒక కాగితం దాఖలు చేశారు. అందులో ఒకటే మాట: "ముట్టవలసినది ముట్టినది."

మా సీనియరు గారు లేడిపిల్లలా లేచారు. ముట్టవలసినది ఏమిటి, ముట్టినది ఏమిటి, రెండూ సున్నాలే కదా అన్నారు. జిల్లా మునసబు గారు, అంటే ఆ కోర్టు జడ్జి గారు, లంక పెద్దని ఒక ప్రశ్న అడగవచ్చన్నారు. అంత చిన్న ప్రశ్న తాను వెయ్యడం బాగుండదని మా సీనియరు గారు నాకు అప్పగించి కాఫీకి వెళ్ళారు. పెద్ద దావా ఓడడం ఆయన వంతు, చిన్న ప్రశ్న వెయ్యడం నా వంతు.

మునసబు గారు తంజావూరు వైపు నుంచి బదిలీ అయి వచ్చినవారు. తెలుగు పరీక్ష పుస్తకాలు చదివి ప్యాసయ్యారు. అంచేత సాక్షులతో మాట్లాడితే పురాణంలో మునీశ్వరులు మాట్లాడినట్టుండేది. సాక్షి తెలుగులో చెప్పింది ఆయన ఇంగ్లీషులో రాసుకునేవారు.

లంక పెద్ద బోనెక్కాడు. ఎండకి కాలి, నీళ్ళకి నాని, ఈ రెండూ కలిసి మెరుగు పెట్టిన మనిషి.

"మీ ప్లీడరు గారికి ఫీజు ఇచ్చారా, ఆయన ఊరికే వాదిస్తున్నారా?" అన్నాను.

"ఊరికేనండి" అన్నాడు.

అంతే. ఆ మాట పడగానే కూర్చున్నాను. మా గుమాస్తా వంక చూసి మీసం లేని చోట దువ్వుకున్నాను. రాసుకున్న వాంగ్మూలం సాక్షికి చదివి వినిపించాలి గనక బెంచి గుమాస్తా ఇంగ్లీషులో చదివాడు. నేను విననేలేదు. గెలిచినవాడికి చెవులెందుకు?

ఊరికే ప్లీడరు గారు విన్నారు. లేచారు. పొడుంకాయ తీశారు. చిటికెడు ఎక్కించి, నా కళ్ళెదట మొట్టమొదటిసారి, తుమ్మారు.

"ఆగండయ్యగారూ, ఒక్కటే తుమ్మారు" అన్నాడు బోనులోంచి లంక పెద్ద.

"తుమ్మింది నేను, చెడేదీ నేనే. నువ్వుండు" అని, మునసబు గారి వైపు తిరిగారు. "ఒక మాట తప్పు పడింది. సాక్షి 'ఊరికే' అన్నాడు. తమరు 'ఊరికోసం' అని రాసుకున్నారు. అరవంలో 'ఊరుక్కే' అంటే అది సరిపోతుంది. తెలుగులో ఆ మాటకి ఉచితంగా అని అర్థం."

నా లేని మీసం మీది చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఊరికోసం అని ఉంటే ఫీజు ముట్టలేదని సాక్షి ఎక్కడా అననట్టే; నేను కూర్చున్నది నా కక్షిదారు ఖర్చుల మీదన్నమాట.

మునసబు గారు కలం ఆపారు. "ఈ తప్పు మీకు అనుకూలముగానే యున్నది గదా?"

"ఉందండి. అందుకే నేను లేవవలసి వచ్చింది. నాకు ప్రతికూలమైతే ఆ అబ్బాయిగారు లేచేవారు. మాట నేను తిప్పితే నా తెలివి. తమరు పొరపడితే అది నా తెలివి కాదు."

మునసబు గారు సాక్షినే అడిగారు. "ఓయీ, ఊరికే అనగా ఊరి కొరకా, ఉచితముగనా?"

లంక పెద్ద చేతులు కట్టుకున్నాడు. "రెండూనండి. మా ఊరికి ఊరికే చేస్తారండి."

"ఏమియు ఇయ్యలేదా?"

"ఇస్తే పుచ్చుకోరండి. పుచ్చుకోనంటే మేం ఊరుకుంటామాండీ. చాపలు మరిచిపోయి వస్తామండి."

మునసబు గారి కలం కదిలి, మళ్ళీ ఆగింది. సాక్షి చేపలు పట్టేవాడు. ఆయనకి వినబడింది కూడా అదే. "చేపలను మరచుటయా? అవి కంపు కొట్టవా?"

అంతదాకా మంచుముక్కలా మాట్లాడిన ప్లీడరు గారు ఒక్కసారి బల్ల పట్టుకుని అరిచారు. "చాపలండీ. చాపలు. కూర్చునేవి. తినేవి కావు. నిష్ఠాపరుల కొంపండీ మాది. దయచేసి అది ముందు కొట్టెయ్యండి." ఊరికోసాన్ని ఉచితంగా మార్చేటప్పుడు లేని కంగారు చేపని చాపగా మార్చేటప్పుడు వచ్చింది. మునసబు గారు కొట్టేసేదాకా నిలబడి, కొట్టేసిన గీత సరిగా పడిందో లేదో మెడ చాచి చూసుకున్నారు.

"ప్రతి వాయిదాకును మరచెదరా?" అన్నారు మునసబు గారు.

"ఆయ్. గుర్తు పెట్టుకుని మరీ మరిచిపోతామండి."

కోర్టులో నవ్వని వాణ్ణి నేనొక్కణ్ణే.

మునసబు గారు ప్లీడరు గారితో ఇంగ్లీషులోకి దిగారు. నవ్వుతూనే అసలు ముడి పట్టుకున్నారు. వాళ్ళు మీకు బాకీ లేనప్పుడు, ఓడినవారు ఆ లేని బాకీ ఎందుకు తీర్చాలి అన్నారు.

దానికి ఆయన తెలుగులోనే జవాబు చెప్పారు, పుస్తకాలేవీ తెరవలేదు. వంకాయలమ్మే ఆవిణ్ణి వాదనలోకి తెచ్చారు. "నేను కూరగాయలు కొంటే కరివేపాకు కొసరు వేస్తారు. ఆ కొసరు నాకు. పక్కన నిలబడ్డవాడు సంచీ పట్టకూడదు. నా కష్టం ఈ లంకవాళ్ళకి కొసరు వేశాను. ఏటా అది పాటదారు గారి సంచీలో పడుతోంది. ఆయనకి నేనెప్పుడు ధర్మం చేశాను? ఆయన ఎప్పుడు అడిగారు?" అంటూ ఎందుకో నా సంచీ వంక చూశారు. "ఓటమి కూడా ఉచితంగా దొరికితే ఎవరు మానుకుంటారండీ? ఈయన ఏటా ఓడతారు. వీళ్ళు ఏటా గెలుస్తారు. ఇంకో రెండుసార్లు గెలిచారంటే ఆ ఊళ్ళో పొయ్యి వెలగదు."

ఆ ఆఖరి మాట తర్వాత లంక పెద్ద తల వంచుకుని బోను చెక్క గోటితో గీకడం చూశాను. అంతసేపూ అందరినీ నవ్వించినవాడు.

మునసబు గారు తేల్చారు: పుచ్చుకోని ఫీజు ఇప్పించడం తన వల్ల కాదు. అయితే వాయిదా వాయిదాకీ గుర్తు పెట్టుకుని మరిచిపోవడం మరుపు కాదు, ముట్టజెప్పడమే. కనుక చాపల ఖరీదూ, లంకవాళ్ళ దారి ఖర్చులూ పాటదారు ఇచ్చుకోవాలి.

పాటదారు గారు విరగబడి నవ్వారు. "చాపలకి మళ్ళీ ఖరీదేంటండీ? చాపలే పడేస్తాను."

"అదే చాలండి" అన్నారు ఊరికే ప్లీడరు గారు, చాలా మెత్తగా. ఆ మెత్తదనానికి నేను జడిసి ఉండవలసింది. "ఆ లంక నేతే కావాలి. అంచు కుట్టకుండా మడిచి అల్లుతారు, అదీ. ఇవ్వగానే చెల్లినట్టు రాసుకుందాం." మా సీనియరు గారు కాఫీ నుంచి వచ్చి, చాపలే కదా అని సంతోషంగా సంతకం పెట్టించారు.

ఆ నేత చాపలు ఏలూరులో అమ్మరు. ఆ లంకలో ఆడవాళ్ళు అల్లితేనే ఉంటాయి. పాటదారు గారి గుమాస్తా ఇంత గొడుగు వేసుకుని దోనెలో వెళ్ళాడు. గట్టు మీద కూర్చుని అల్లుతున్న ముసలావిణ్ణి చాప ఎంత అని అడిగాడు.

"దావా ఎంతవుద్దో అంతండి" అందిట ఆవిడ.

బేరమాడి, వెళ్ళిపోతానని దోనె ఎక్కి, మళ్ళీ దిగి, చివరికి ఆవిడ చెప్పిందానికే ఒప్పుకున్నాడు. ఆవిడ తుంగ తీసి చేత్తో నలిపి చూసింది. "ఇంకా పచ్చిగుందండి. వచ్చే సోమారం రండి."

సోమవారం వెళ్ళాడు. ముసలావిడ పక్క లంకకి పురుడు పొయ్యడానికి వెళ్ళింది. ఆపైవారం వెళ్ళాడు. అల్లిన చాప అంచు వంకర పోయిందని విప్పేశారు. లంకవాళ్ళకి కోర్టులో తిరిగి తిరిగి ఏదీ రాలేదనుకోకూడదు, వాయిదా వెయ్యడం వచ్చింది. గుమాస్తా దోనెలో వెళ్ళీ వచ్చీ నల్లబడ్డాడు. ఒకరోజు దోనె తిరగబడి గొడుగు కొల్లేటి పాలయింది. ఒడ్డున ఆడవాళ్ళు మాత్రం ఎంతో మర్యాదగా "అయ్యో, తమరు మళ్ళీ రావాలాండీ, మా వల్లేనండీ" అనేవారట.

చాపలన్నీ ముట్టేసరికి మరుసటేడు వేలం వచ్చింది. పాటదారు గారు పాట పాడుకున్నారు. కాలవ ఊసెత్తలేదు. గుమాస్తా, దావా వేసేట్టయితే తన లెక్క తేల్చి పంపెయ్యమన్నాడని మా ఆఫీసులో చెప్పుకున్నారు. చాపల డబ్బు లంకలో ఏం చేశారని నేను ఒకసారి లంక పెద్దని అడిగాను.

"ఏం చెయ్యడమేంటండీ. ఎటు తిరిగినా ఊరికే వచ్చింది కదండీ" అన్నాడు.

ఇందులో ఏ ఊరికేనో నాకు అర్థం కావడానికి వీధి మలుపుదాకా నడవవలసి వచ్చింది.

తీర్పు రోజు సాయంత్రం వరండాలో ఊరికే ప్లీడరు గారు నా భుజం తట్టారు. "అబ్బాయిగారూ, సాక్షి నోట కావలసిన మాట పడగానే కూర్చోవాలని మీకెవరో బాగానే నేర్పారు. పడింది ఏ మాటో చూసుకుని కూర్చోమని నేర్పలేదు."

"దీనికి తమరి ఫీజు ఎంతండీ?" అన్నాను.

"మీరు ఇచ్చుకోగలవారే. రేపు బజారులో కరివేపాకు నాకు వదిలెయ్యండి."

ఇదంతా తలుచుకుంటూ ఏలూరులో దిగి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. వీధి అరుగు మీద మనుషులు. మా సీనియరు గారు అప్పటికే వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఊరికే ప్లీడరు గారు లోపల, నట్టింట్లో, కొత్త తుంగచాప మీద ఉన్నారు. తలపాగా లేక ఇంకా పొట్టిగా ఉన్నారు. ముక్కుల్లో దూది. ఇప్పుడు తుమ్ముతారేమోనని ఒక క్షణం చూశాను. పాత అలవాటు.

లంక పెద్ద గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాడు. కబురు ఏ దోనె మీద వెళ్ళిందో, మా కంటే ముందే వచ్చారు వాళ్ళు. గోడల నిండా చాపలుండగా ఇంకోటి ఎందుకని ఎవరో అడిగితే, అవి అయ్యగారివి, ఇది మాది అన్నాడట.

మా సీనియరు గారు నా చెవి దగ్గర వంగారు. "ఆ చాపకి ఏమివ్వాలో కనుక్కోవోయ్. ఇవాళైనా మనం ఇద్దాం." చిన్న ప్రశ్న గనక మళ్ళీ నా వంతే వచ్చింది.

వెళ్ళి వంగి అడిగాను. "చాపకి ఎంతివ్వాలండీ?"

లంక పెద్ద నా ముఖం గుర్తు పట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా మూతి మూల కొంచెం నవ్వొచ్చింది.

"ఊరికేనండి" అన్నాడు.

పడిన మాట ఏదో ఈసారి చూసుకుని, ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను.